తుపాకి, ఉచ్చు, మగ్గం: సోలాపూర్ తెలుగు పేటల నుండి చూసిన జింకవేట చరిత్ర

ఇంట్లో తరతరాలుగా నిలిచిన వస్తువు ఒకదానిని ఎంచుకుని దాని కథ రాసుకు రమ్మనడం చరిత్ర బోధనలో ఒక మంచి పద్ధతి. సోలాపూర్‌లోని సాఖర్ పేటలోనో, భద్రావతి పేటలోనో, దాజీ పేటలోనో పెరిగిన తెలుగు విద్యార్థి ఏ వస్తువు తెస్తాడో ఊహించడం కష్టం కాదు. నునుపుదేలిన నాడె, అటకమీది రాట్నం, కాకుంటే మార్కండేయుని పటం. దక్కనులో మరికొన్ని ఇళ్ళలో ఇదే ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది. గోడమీద మెలితిరిగిన జింక కొమ్ములు, వాటి కింద తాత నుండి తండ్రికి, తండ్రి నుండి కొడుక్కి వచ్చిన పాత రైఫిలు. దానితో ఎవరు ఎన్ని జింకలను కొట్టారన్న ముచ్చట్లు కూడా ఆ రైఫిలుతో పాటే వారసత్వంగా వస్తాయి.

ఈ రెండు రకాల ఇళ్ళ గురించి ఎంతో కొంత రాసి ఉన్నారు. మూడో రకం ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి వారసత్వం తుపాకీ కాదు, మగ్గమూ కాదు. నరాలు పేని చేసిన ఉచ్చు. సోలాపూర్ చుట్టుపక్కల మైదానాల్లో జింకను పట్టే విద్య తెలిసిన పార్ధీల ఇల్లు అది. వేటాడింది అదే జింకను. వేటాడిన చోటు అదే మైదానం. అయినా తుపాకి వారసత్వం గౌరవానికి గుర్తయింది, ఉచ్చు వారసత్వం నేరానికి గుర్తయింది. ఈ తేడా ఎట్లా వచ్చింది, మగ్గం వారసులమైన మనకు దానితో సంబంధం ఏమిటి అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

పేటలు, వాటి చుట్టూ మైదానం

సోలాపూర్ తెలుగువారి వలస కథ మన విద్యార్థులలో చాలామందికి తెలిసినదే. అయినా దూరప్రాంతాల పాఠకుల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. పాత రికార్డులలో షోలాపూర్ అని కనిపించే ఈ పట్టణం బొంబాయి ప్రెసిడెన్సీకి తూర్పు అంచున, నిజాం రాజ్యపు సరిహద్దును ఆనుకుని ఉండేది. 1860లో రైలు వచ్చింది. 1877లో మొదటి నూలు మిల్లు వెలిసింది. జనం నేటికీ దానిని జూనీ మిల్లు, అంటే పాత మిల్లు అనే పిలుస్తారు. 1876-78 నాటి మహాక్షామం దక్కనును అల్లకల్లోలం చేసింది. ఈ కాలంలోనూ, దీనికి ముందూ వెనుకా కూడా కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి పద్మశాలీలు విడతలు విడతలుగా ఇక్కడికి చేరారు. పట్టణపు తూర్పు భాగం తెలుగు పేటలతో నిండింది. ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ అన్న జీవితం అక్కడే స్థిరపడింది.

ఈ పేటలు దాటితే వాన తక్కువగా పడే నల్లరేగడి నేలలు, జొన్నచేలు, వాటి మధ్య గడ్డి తప్ప మరేమీ పెరగని మెరక భూములు వస్తాయి. మరాఠీలో ఆ భూములను మాళ్ అంటారు. చెట్ల అడవి కాదది, గడ్డి అడవి. అక్కడ తిరిగే జింక ఏదో గుర్తుపట్టకపోతే వేట కథ అర్థం కాదు.

ఏ జింక?

తెలుగులో జింక అనే మాటను మనం చాలా జంతువులకు వాడేస్తాం. మన పాత మాటలలో మాత్రం తేడాలు స్పష్టంగానే ఉన్నాయి. దుప్పి వేరు, కణుజు వేరు, ఇర్రి వేరు, లేడి వేరు. సంస్కృతంలో మృగమంటే జంతువు, జింక కూడా. వేటను మృగయ అన్నారు. అంటే వేట అనగానే మొదట గుర్తొచ్చే జంతువు జింకే అన్నమాట.

సోలాపూర్ మైదానాలలో కనిపించేది ముఖ్యంగా కృష్ణజింక. మగదానిని మరాఠీలో కాళవీట్ అంటారు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. ఆడది లేత గోధుమ రంగులో ఉంటుంది, దానికి సాధారణంగా కొమ్ములుండవు. శాస్త్రజ్ఞుల లెక్కలో కృష్ణజింక అసలు దుప్పి జాతికి చెందినది కాదు. దుప్పి కొమ్ములు కొమ్మలుగా చీలి, ఏటేటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు. సర్పిలంగా మెలి తిరిగి జీవితాంతం నిలుస్తాయి. ఏ ఇంటి గోడమీదనైనా పాత కొమ్ములు కనిపిస్తే విద్యార్థి మొదట చూడవలసింది ఇదే. చీలిన కొమ్ములైతే ఆ వేట చెట్ల అడవిలో జరిగింది, మెలితిరిగిన కొమ్ములైతే బయలు మైదానంలో జరిగింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కాగా, 2014లో ఏర్పడిన తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంది. సోలాపూర్ తెలుగువారు వదిలి వచ్చిన నేల, వచ్చి చేరిన నేల ఈ రెండు జంతువుల మధ్య తేడాలోనూ కనిపిస్తాయి.

బయలులో మేసే కృష్ణజింకకు మనిషి దూరం నుండే కనిపిస్తాడు. అది పరుగు తీస్తే గుర్రం కూడా అందుకోవడం కష్టం. ఒకప్పుడు దాని వెంట పడగలిగిన మృగం చీతా. అందుకే రాజులు చీతాలను మచ్చిక చేసి కళ్ళకు గంతలు కట్టి బండ్లమీద తెచ్చి మందలపైకి వదిలేవారు. సోలాపూర్‌కు పడమటనున్న కొల్హాపూర్ సంస్థానం ఈ వేటకు పేరు పొందింది. దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. 2022లో నమీబియా నుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలిన చీతాలు ఆఫ్రికా జాతివి.

ఏ తుపాకి?

ఇక తుపాకి సంగతి. కుటుంబాల ముచ్చట్లలో పొడవాటి తుపాకులన్నీ రైఫిళ్ళే. చరిత్రకారునికి అది చాలదు. వత్తి ముట్టించి పేల్చే తోడా తుపాకి చాలా పాతది. నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ 19వ శతాబ్దంలో వచ్చింది. ఈ రెండింటిలోనూ మందును, గుండును గొట్టం మూతి నుండి కూరి గట్టించాలి. తెలంగాణ పల్లెల్లో బర్మారు తుపాకి అనేది, మరాఠీలో ఠాసణీచీ బందూక్ అనేది ఇదే. దీని గొట్టం లోపల నునుపుగా ఉంటుంది. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళుంటాయి. ఆ గాళ్ళ వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా, దూరంగా పోతుంది. 1871లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన మార్టిని-హెన్రీ వంటి తుపాకులలో తూటాను వెనుకనుండి ఎక్కిస్తారు. కృష్ణజింక వంటి చురుకైన మృగాన్ని దూరం నుండి కొట్టడానికి ఇటువంటిదే కావాలి. బర్మారు ఉన్నవాడు జింకకు బాగా దగ్గరకు పోవాలి, గురి తప్పితే మళ్ళీ మందు కూరేలోగా మంద మాయమవుతుంది.

అందుచేత తాత తుపాకి నిజంగా రైఫిలా, బర్మారా అన్న ప్రశ్న అంతస్తుకు సంబంధించినది కూడా. 1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదన్నది. ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా అదే సంవత్సరం వచ్చింది. ఇక మంచి రైఫిలు చేతికి రావాలంటే అధికారి అయినా కావాలి, అధికారి దయకు పాత్రుడైన సంస్థానాధీశుడో, జాగీర్దారో, పెద్ద భూస్వామో కావాలి. సోలాపూర్ పక్కనే ఉన్న అక్కల్‌కోట్ సంస్థానపు రాజభవనంలోని శస్త్రాగారం నేటికీ చూడదగ్గది. ఆయుధం ఎవరి ఇంట కూడబడిందో అక్కడ కళ్ళకు కడుతుంది.

జాతీయోద్యమానికి కూడా ఈ వివక్ష బాధ తెలుసు. 1930 జనవరిలో గాంధీ వైస్రాయి ముందు పెట్టిన 11 కోర్కెలలో ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అహింసావాది కోర్కెలలో ఇది కనిపించడం ఆశ్చర్యంగా తోచవచ్చు. ఆయుధం పట్టడం, పట్టకపోవడం మనిషి ఎంచుకోవలసినదే గాని, పుట్టుకను బట్టి పాలకుడు నిర్ణయించరాదన్నది అందులోని భావంగా మనం గ్రహించవచ్చు. ఆ ఏడాది మే నెలలోనే గాంధీ అరెస్టు తర్వాత సోలాపూర్ తిరగబడింది. పట్టణంలో మార్షల్ లా విధించారు. 1931 జనవరి 12న నలుగురు సోలాపూర్ వీరులను ఉరితీశారు.

మగ్గం ముందు తుపాకి ఎందుకు లేదు?

నేత పేటలకు కూతవేటు దూరంలో మైదానం, మైదానం నిండా జింకలు. అయినా తుపాకితో జింకవేట నేతవారి సంప్రదాయం కాలేదు. దీనికి కారణం సాత్వికత అని తేల్చేయడం సులభం. మాకు అది సరిపోదనిపిస్తుంది.

మొదటి కారణం భూమి. లైసెన్సు అడగడానికి పంటచేను కాపాడుకోవడం ఒక సాకు. చేను లేనివాడికి ఆ సాకు లేదు. రెండవది తీరిక. సోలాపూర్ నేతగాళ్ళలో చాలామంది సొంత ఇంట్లో కాక కార్ఖానదారు మగ్గం మీద నేసేవారు. ముందుగా తీసుకున్న బాకీ తీరేదాకా మగ్గం వదిలి పోయే వీలుండేది కాదు. కార్ఖానాలోనే కాపురముండి అక్కడే నేసిన కుటుంబాలు ఎన్నో. ఆడవారు కండెలు చుట్టి, తర్వాతి కాలంలో బీడీలు చుట్టి ఇల్లు గడిపారు. ఇటువంటి జీవితంలో జింక వెంట ఒక పగలంతా తిరగడం అంటే ఒక పగటి కూలి పోగొట్టుకోవడమే. మూడవది, వచ్చిన చోటి అనుభవం. తెలంగాణ పల్లెల్లో వెట్టి సాగిన రోజులలో చేనేతవారు దొర ఇంటి పనివారికి బట్టలు ఉచితంగా ఇచ్చుకోవలసి వచ్చేది. వేట దొర వినోదం. మృగాన్ని అదిలించి తుపాకి ముందుకు తోలే పని ఎక్కడైనా సామాన్య జనానిదే. అటువంటి ఊళ్ళ నుండి వచ్చినవారికి తుపాకి తమ సొత్తుగా తోచే అవకాశం తక్కువ.

కులపురాణం చెప్పే కథ కూడా ఇక్కడ గమనించదగ్గది. పద్మశాలీల మూలపురుషుడైన భావనారుషి మార్కండేయుని వంశం వాడు. తామర నూలుతో బట్ట నేసి దేవతలకిచ్చినవాడు. ఆయన భార్య భద్రావతి పేరే సోలాపూర్‌లో ఒక పేటకు నిలిచింది. ఆయన వాహనం పులి. వరంగల్ ప్రాంతంలో చేర్యాల పటాలు విప్పి పద్మశాలీలకు ఈ పురాణం చెప్పే కళాకారులకు కూనపులివారని పేరు. ఈ కథలో పులిని చంపి గోడకు తగిలించడం ఘనత కాదు, దానిని లొంగదీసి ఎక్కి తిరగడం ఘనత. రుషులు కట్టిన జింకతోలు, నారచీర స్థానంలో నూలుబట్ట వచ్చిన సంగతిని కూడా ఈ పురాణం తన పద్ధతిలో గుర్తు పెట్టుకున్నదని అనుకోవచ్చు.

ఉచ్చు

సాహెబు రైఫిలు, నేతగాని మగ్గం కాక ఆ మైదానంలో మూడో వారసత్వం పార్ధీలది. మరాఠీలో పారధ్ అంటే వేట. పార్ధీ అంటే వేటగాడు. ఫాసే పార్ధీ అన్నప్పటి ఫాస్ అంటే ఉచ్చు. బొంబాయి కర్ణాటక ప్రాంతంలో వీరికి దగ్గరి వారిని హరణ్‌శికారీలన్నారు. ఆ పేరుకు జింకవేటగాళ్ళనే అర్థం.

వీరి పద్ధతి తుపాకి పద్ధతికి పూర్తిగా భిన్నం. పేనిన నరాలతోనో తోలుతోనో చేసిన ఉచ్చులను మేకులకు కట్టి జింకలు నడిచే దారిలో వరుసగా పరుస్తారు. కొందరు ఎద్దును మచ్చిక చేసి, దాని చాటున నక్కుతూ మందకు దగ్గరవుతారు. మేసే ఎద్దును చూసి జింక బెదరదు. మచ్చిక చేసిన మగజింక కొమ్ములకు ఉచ్చు కట్టి అడవి మందలోకి వదలడం మరో ఉపాయం. తన మందలోకి వచ్చిన కొత్త మగదానిపైకి పోరుకు వచ్చిన ఇర్రి కొమ్ములు ఆ ఉచ్చులో చిక్కుకుంటాయి. ఈ విద్యకు జింక నడక, గాలి వాలు, గడ్డి ఎత్తు, ఋతువు అన్నీ తెలియాలి. తండ్రి వెంట తిరిగితే తప్ప కొడుక్కి రాదు. వేటాడిన మాంసం తినడానికీ, అమ్ముకోవడానికీ వాడేవారు. మాంసం కోసం వేట, గోడమీది కొమ్ముల కోసం వేట ఒకటి కావు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి చట్టంతో బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలకూ విస్తరించింది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులని ప్రభుత్వం ప్రకటించవచ్చు. వారి వేలిముద్రలు తీసుకోవచ్చు. రోజూ హాజరీ చెప్పించవచ్చు. అనుమతి చీటీ లేనిదే ఊరు దాటకుండా ఆపవచ్చు. సెటిల్‌మెంటు అనే కంచెలోపలి వాడలో ఉంచవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారం కూడా చట్టంలో ఉంది. 1912లో వచ్చిన వన్యమృగాల రక్షణ చట్టం జింకలతో సహా కొన్ని మృగాల వేటకు నిషేధకాలాలు పెట్టే వీలు కల్పించింది. రైఫిలు ఉన్నవాడు రుతువు వచ్చేదాకా ఆగి వేటకు పోగలడు. ఉచ్చుతో బతికేవాడికి ఆగితే తిండి లేదు, కదిలితే నేరం.

సెటిల్‌మెంటు నుండి మిల్లుకు

బొంబాయి ప్రెసిడెన్సీలోని ఇటువంటి సెటిల్‌మెంట్లలో పెద్దది సోలాపూర్‌లోనే ఉండేది. కైకాడీలు, భామ్టాలు, పార్ధీలు వంటి పలు జాతులవారిని అక్కడ చేర్చారు. కొంతకాలం అమెరికన్ మరాఠీ మిషను దానిని నడిపింది. అక్కడివారిని పట్టణంలోని నూలు మిల్లులకు పనికి పంపేవారు. హాజరీ చెప్పి బయలుదేరాలి, పని కాగానే తిరిగి వచ్చి హాజరీ చెప్పాలి.

ఇక్కడే మన చరిత్ర వారి చరిత్రతో కలుస్తుంది. అవే మిల్లులలో తెలుగువారూ పనిచేశారు. ఒకే యంత్రాల హోరులో, ఒకే దూది ధూళిలో ఇద్దరూ నిలబడ్డారు. పద్మశాలికి నూలు వారసత్వం. అతని కష్టాలు ఎన్నయినా, ఆ పని చేసినందుకు లోకం అతనిని పనిమంతుడన్నది. పార్ధీకి అదే నూలు దిద్దుబాటు పేరుతో విధించిన పని. ఆ పని చేస్తేనే అతడు దొంగ కాడని ప్రభుత్వం నమ్ముతానన్నది. తాతల విద్య మరచిపోవడమే అతనికి మంచితనపు పరీక్ష అయింది. మన పేటల చరిత్ర రాసేటప్పుడు మిల్లును కేవలం పద్మశాలి కష్టసుఖాల వేదికగా చూపితే ఈ సంగతి కనిపించదు.

తెలుగునాట దీనికి సాటి లేకపోలేదు. బాపట్ల దగ్గర 1910వ దశకంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం ఎరుకల సెటిల్‌మెంటు మనకు తెలుసు. సోలాపూర్ కైకాడీలు ఆ ఎరుకలకు దగ్గరివారే. ఆ ఊరి పేరును దొంగతనంతో కలిపి 1991లో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. 2023లోనూ మరొకటి వచ్చింది. చట్టం పోయి ఇన్నేళ్ళయినా పేరు మీది మచ్చ పోలేదనడానికి వేరే రుజువు అక్కరలేదు. కైకాడీ సమాజం నుండి వచ్చిన లక్ష్మణ్ మానే 1980లో మరాఠీలో ఉపరా అనే ఆత్మకథ ప్రచురించి ఆ మచ్చ కింది జీవితాన్ని లోపలి నుండి చెప్పాడు. సోలాపూర్ తెలుగు విద్యార్థికి మరాఠీ వచ్చు కనుక దానిని మూలంలోనే చదవగలడు. ఇది తెలుగునాట ఉన్న విద్యార్థికి లేని సౌకర్యం.

ఈ చట్టాన్ని తొలగించడంలో తెలుగు నేలకు చెందిన ఒకరి పాత్ర కూడా ఉంది. స్వాతంత్ర్యానంతరం 1949లో ఏర్పడిన విచారణ సంఘానికి తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షుడు. చట్టాన్ని రద్దు చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. ఆ జాతులవారిని విముక్త జాతులన్నారు. సోలాపూర్‌లో సెటిల్‌మెంటు అనే పేరు మాత్రం నేటికీ వాడుకలో ఉంది.

1972 తర్వాత

స్వాతంత్ర్యం వచ్చాక జింకకు మేలు జరగలేదు. జీపులు, టార్చిలైట్లు, తూటాలు సులభంగా దొరకడంతో మందలు త్వరగా తరిగిపోయాయి. బొంబాయి రాష్ట్రం 1951లో వన్యమృగ రక్షణ చట్టం చేసి వేటకు లైసెన్సు పద్ధతి పెట్టింది. 1959 నాటి కొత్త ఆయుధాల చట్టం ఆత్మరక్షణకో, వేట వినోదానికో నునుపు గొట్టపు తుపాకిని, పంట కాపుదలకు బర్మారును అడిగేవారికి లైసెన్సు దొరికే వీలు ఉంచింది. చివరకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చింది. దాని వేట పూర్తిగా నేరమైంది. 2022 సవరణ తర్వాత కూడా అది మొదటి షెడ్యూలులోనే ఉంది. దానిని చంపితే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు.

సోలాపూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నాన్నజ్ ప్రాంతాన్ని 1979లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించారు. కర్నూలు జిల్లాలో ఇదే పక్షి కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం వచ్చింది. నాన్నజ్ అభయారణ్యపు మొదటి విస్తీర్ణం 8,496 చదరపు కిలోమీటర్లు. 2012లో దానిని సుమారు 1,222కు తగ్గించారు. ఈ రెండు చోట్లా పక్షి కనుమరుగవుతూ వచ్చింది, కృష్ణజింక మాత్రం పెరిగి చేలమీద పడింది. అభయారణ్యానికి 10 కిలోమీటర్లలోపు తుపాకి లైసెన్సు ఉన్నవారు తమ పేరు నమోదు చేసుకోవాలని 1972 చట్టంలోనే ఉంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు వన్యప్రాణి శాఖ ప్రధానాధికారి సమ్మతి కావాలి. హైదరాబాదులో నిజాం వేటమైదానమైన చోటే 1975లో మహావీర్ హరిణ వనస్థలి ఏర్పడి కృష్ణజింకకు నీడ అయింది.

చట్టం దృష్టిలో 1972 నుండి రైఫిలు, ఉచ్చు రెండూ సమానంగా నిషిద్ధమే. కాని నష్టం సమానం కాదు. రైఫిలు ఉన్న ఇల్లు ఒక వినోదాన్ని పోగొట్టుకుంది, రైఫిలు మిగిలింది. 2016 నాటి ఆయుధాల నియమాలు లైసెన్సుదారు మరణించాక, లేదా అతనికి 70 ఏళ్ళు నిండాక, లేదా తుపాకి 25 ఏళ్ళు అతని వద్ద ఉన్నాక, దానిని వారసునికి బదలాయించడానికి దారి చూపుతాయి. 2019 సవరణ ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదన్నది. అయితే ఆ పరిమితిలో వంశపారంపర్య ఆయుధాన్ని వేరుగా పేర్కొని గుర్తించింది. తుపాకి వారసత్వానికి ఇట్లా చట్టంలో ఒక మాట ఉంది. ఉచ్చు విద్యకు, గడ్డి మైదానం గురించి పార్ధీకున్న జ్ఞానానికి అటువంటి మాట లేదు. ఆ మైదానాన్ని, అందులోని మృగాన్ని అంతగా తెలిసినవారు మరొకరు లేకపోయినా, దానిని కాపాడే ప్రయత్నంలో వారికి దక్కిన చోటు స్వల్పం.

జింకవేట మళ్ళీ రావాలని మేము అనడం లేదు. కృష్ణజింక బతకాలి, చట్టం ఉండాలి. వేట మానిన తర్వాత కూడా ఒకరి తాత వేటను శౌర్యంగానూ, మరొకరి తాత వేటను దొంగతనంగానూ చెప్పుకోవడం మానలేదన్నదే మా బాధ.

మన పని

సోలాపూర్‌లోని మన విద్యార్థులు ఇంటి చరిత్ర రాసేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవచ్చు. మన పెద్దలు మిల్లుకు పోయిన రోజుల్లో పక్క యంత్రం మీద ఎవరు పనిచేశారు? వారి పేరు ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? సెటిల్‌మెంటు వారిని గురించి మన ఇళ్ళలో ఏ మాటలు వాడతారు, అవి ఎక్కడి నుండి వచ్చాయి? పార్ధీ తండ్రి కొడుక్కి చెప్పిన గడ్డి పేర్లు, గాలి పేర్లు, జింక అడుగుల పేర్లు ఏ భాషలో ఉన్నాయి, వాటిని వ్రాసిపెట్టినవారున్నారా? ఎక్కడైనా పాత తుపాకి కథ వినబడితే అది రైఫిలా, బర్మారా, లైసెన్సు ఏ పేరున ఏ కారణానికి వచ్చింది, మృగాన్ని తోలినవారెవరు అని కూడా అడగాలి.

మన పేటల్లో మగ్గాలు తగ్గి మరమగ్గాలు వచ్చాయి. సిరిసిల్లలో సాంచెలన్నది ఇక్కడ యంత్రమాగ్ అయింది. ఇప్పుడు ఆ మరమగ్గాల మీదా ఎందరి పిల్లలు నిలుస్తారో చెప్పలేం. ఒక విద్య చేయి జారిపోతుంటే ఇంట్లో ఎట్లా ఉంటుందో నేతవారికి తెలియనిది కాదు. అందుకే సెటిల్‌మెంటు చరిత్రను రాయడానికి సోలాపూర్ తెలుగు విద్యార్థి తగినవాడని మేము భావిస్తున్నాం. ఆ వాడ అతని ఇంటికి దూరం కాదు, భాష కూడా అతనికి అడ్డు కాదు. వచ్చే సెలవుల్లో ఒక సాయంత్రం అటు వెళ్ళి, అక్కడి ఒక ముసలాయన పక్కన కూర్చుని, మీ తాత ఏం పని చేసేవాడు తాతా అని అడిగి, ఆయన చెప్పినంతా ఆయన మాటల్లోనే రాసుకు వస్తే పని మొదలైనట్లే.